పండు ఆగదు: ఎస్‌పీఎస్ కమిటీ ప్రతినిధులకు బహిరంగ లేఖ

ప్రపంచ వాణిజ్య సంస్థ ఎస్‌పీఎస్ (ఆహార భద్రత, జంతు, మొక్కల ఆరోగ్య చర్యల) కమిటీలోని సభ్యదేశాల ప్రతినిధులకు,

మాన్యులారా,

తాజా పండ్లను పరదేశాలకు పంపే ఒక ప్యాక్‌హౌస్‌లో పురుగుమందుల అవశేషాల రికార్డులు చూడడం నా ఉద్యోగం. ఏ తోటలో ఏ మందు ఏ తేదీన కొట్టారు, కోతకు ఎన్ని రోజుల ముందు ఆపారు, ఆ తోట పండ్లు ఏ లాట్‌లో కలిశాయి, ఆ లాట్ ఏ కంటైనర్ ఎక్కింది, ప్రయోగశాల నివేదిక ఏమంది అన్న వివరాలన్నీ నా పుస్తకాల్లో ఉంటాయి. ఆహార భద్రత గురించీ, జంతువుల, మొక్కల ఆరోగ్యం గురించీ సభ్యదేశాలు పెట్టుకునే నియమాలను మీరు ఏడాదికి మూడుసార్లు జెనీవాలో కూర్చుని చర్చిస్తారు. ఆ చర్చల ఫలితం కొన్నాళ్లకు నా పుస్తకంలో ఒక కొత్త గడి అయి కూర్చుంటుంది. ఆ గడులు నింపుతూ నింపుతూ నాకు తెలిసివచ్చిన సంగతి ఒకటి ఉంది. తాజా పండ్ల వ్యాపారానికి నియమాల కాఠిన్యం వల్ల కలిగే కష్టం కంటే వాటి అమలులో గడిచిపోయే కాలం వల్ల కలిగే నష్టం ఎక్కువ. గిడ్డంగిలో నెలల తరబడి నిలవ ఉండే ధాన్యానికీ, డబ్బాలో మూతపెట్టిన ఆహారానికీ సరిపోయే గడువులనే, కోసిన పూట నుంచే వాడిపోవడం మొదలుపెట్టే పండుకు కూడా పెడుతున్నారు.

నియమాలను సడలించమని అడగడానికి ఈ లేఖ రాయడం లేదని ముందే మనవి చేసుకుంటున్నాను. 2011లో అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో ఒకే ఒక్క పొలం నుంచి వచ్చిన ఖర్బూజాల వల్ల లిస్టీరియా అనే బ్యాక్టీరియా సోకి 147 మంది జబ్బుపడ్డారు, 33 మంది చనిపోయారు. ఆ సరుకు ఏ సరిహద్దూ దాటి వచ్చింది కాదు, ఆ దేశంలోనే పండింది. ప్యాకింగ్ షెడ్డు నేలమీద నీళ్లు నిలిచి ఉన్నాయనీ, అంతకుముందు బంగాళాదుంపలు కడగడానికి వాడిన యంత్రాన్నే ఖర్బూజాలకు వాడారనీ, కాయలను నిలవగదిలోకి పంపేముందు చల్లబరచలేదనీ తనిఖీలో తేలింది. జనం జబ్బుపడడానికి కొద్దికాలం ముందే ఒక ప్రైవేటు ఆడిట్ ఆ షెడ్డుకు నూటికి 96 మార్కులు వేసి మెచ్చుకున్నదన్నది నా వృత్తిలో ఉన్నవారెవరూ మరిచిపోలేని విషయం. వండకుండా తినే పదార్థం కనుక పండు మీది సూక్ష్మజీవిని చంపడానికి వంటింటి మంట కూడా తోడురాదు. ఈ పనిలో ఉన్న నాకు ఆ భయం ఎప్పుడూ ఉంటుంది, ఉండాలి కూడా.

ఇక మా దగ్గర రోజూ వినిపించే అంకె గురించి. పురుగుమందుల అవశేషాలపై యూరోపియన్ యూనియన్ 2005లో చేసిన 396వ నంబరు నియమావళి ప్రకారం, ఏదైనా మందుకు ఏదైనా పంట విషయంలో విడిగా గరిష్ఠ పరిమితి నిర్ణయించకపోతే కిలోకు 0.01 మిల్లీగ్రాము దాటకూడదు. జపాన్ 2006 మే నెలలో అమలుచేసిన పద్ధతిలోనూ ఇదే అంకె ఉంది. అమెరికాలోనైతే పరిమితి నిర్ణయించని మందు అవశేషం కనిపించడమే తప్పు. కంటైనర్‌లో 20 టన్నుల పండ్లున్నాయనుకుంటే, ఈ లెక్కన ఆ సరుకు మొత్తంలో ఉండదగిన అవశేషం 200 మిల్లీగ్రాములు, అంటే మామూలు 500 మిల్లీగ్రాముల జ్వరం మాత్రలో సగం కూడా కాదు. ఇంత చిన్న కొలతను పట్టుకోగల యంత్రాలు ఉన్నందుకు సంతోషమే. అయితే ఆ అంకె చాలా సందర్భాల్లో ఆ మోతాదు దాటితే ప్రమాదమని లెక్కతేల్చి పెట్టింది కాదనీ, ఎవరూ లెక్కతేల్చమని అడగని చోట పెట్టిన అంకె అనీ గుర్తుంచుకోవాలి. పరిమితి నిర్ణయించాలంటే పొలం ప్రయోగాల వివరాలు కావాలి. వాటికి అయ్యే ఖర్చును మందు తయారీ సంస్థలు పెద్ద విస్తీర్ణంలో సాగయ్యే పంటలకు భరిస్తాయి గాని, కొద్దిపాటి ప్రాంతాల్లో పండే పండుకు భరించవు. వ్యాపారానికి చిన్నదైన ప్రతి పండూ ఆ విధంగా 0.01 గడిలోకి వచ్చి పడుతుంది.

కొలిచే విధానాన్ని కూడా దగ్గరగా చూడండి. అంతర్జాతీయ ఆహార ప్రమాణాలను రూపొందించే కోడెక్స్ సంస్థ మార్గదర్శకాల ప్రకారం 25 నుంచి 250 గ్రాముల బరువుండే పండ్లయితే ఒక నమూనాకు కనీసం ఒక కిలో, పది పండ్లకు తగ్గకుండా తీయాలి. అంతకంటే పెద్ద పండ్లయితే రెండు కిలోలు. ఇన్‌స్పెక్టరు కంటైనర్ తలుపు తీసి, కొన్ని పెట్టెలు దింపించి, వాటిలోంచి ఏరిన ఆ కిలో పండ్లను సంచిలో వేసి సీలు వేస్తాడు. అరటి, ఖర్బూజా వంటివాటిని తినేటప్పుడు తొక్క పారేసినా పరీక్షలో తొక్కతో సహా ముద్దచేస్తారు. ఎంత జాగ్రత్తగా చేసిన పరీక్షలోనైనా ఫలితం కొంత అటూ ఇటూ అవుతుంది కనుక, యూరోపియన్ యూనియన్ ప్రయోగశాలలు 50 శాతం అనిశ్చితిని తీసేసి చూస్తాయి. అంటే 0.01 పరిమితి ఉన్నచోట ఫలితం 0.02 దాటితేనే ఉల్లంఘన రుజువైనట్టు లెక్క. ఇది న్యాయమైన పద్ధతి, దీన్ని తప్పుపట్టేవారు మా వృత్తిలో ఉండరు. కాకపోతే సరుకు కొనే దుకాణాల గొలుసులు ఆ తీసివేత చేయవు, కాగితం మీది అంకెనే చూస్తాయి.

ఒకసారి మా ద్రాక్ష కంటైనర్ ఒకటి దిగుమతి రేవులో నమూనా కోసం ఆగింది. లాట్ రికార్డు, మేము ముందే చేయించిన పరీక్ష నివేదిక రెండూ ఆ పూటే పంపాను. నమూనా మరో ఊరిలోని ప్రయోగశాలకు వెళ్లింది, మధ్యలో రెండు సెలవులు వచ్చాయి, తొమ్మిదో రోజున ఫలితం వచ్చింది. ఏ తప్పూ లేదు. ఆలోగా గుత్తుల తొడిమలు పచ్చదనం పోయి గోధుమరంగుకు తిరిగాయి. ద్రాక్షను చేతిలోకి తీసుకునేవాడు ముందు చూసేది పండును కాదు, తొడిమను. కొనుగోలుదారు తాజా సరుకుగా తీసుకోనన్నాడు, చివరికి అది రసం తీసేవారికి పోయింది. రైతుకు నేను ఫోనులో చెప్పవలసిన వాక్యం విచిత్రమైనది: నీ పండులో దోషం లేదని రుజువైంది, నీకు డబ్బు రాదు. ఇందులో ఏ అధికారినీ నిందించలేను. అందరూ తమ తమ గడువుల్లోనే పని చేశారు. ఆ గడువులు పెట్టినవారి మనసులో ద్రాక్ష తొడిమ లేదు, అంతే.

ఎస్‌పీఎస్ ఒప్పందం మూడో అనుబంధంలో మొదటి మాటే తనిఖీలూ ఆమోదాలూ అకారణమైన జాప్యం లేకుండా పూర్తికావాలని. 2017 ఫిబ్రవరి 22న అమలులోకి వచ్చిన వాణిజ్య సౌలభ్య ఒప్పందం ఇంకా ముందుకు వెళ్లి, పాడైపోయే సరుకును వీలైనంత తక్కువ కాలంలో విడుదల చేయాలనీ, తనిఖీల వరుసలో దానికి తగిన ప్రాధాన్యం ఇవ్వాలనీ తన ఏడో అధికరణంలో చెప్పింది. చదవగానే సంతోషం కలిగింది. రెండోసారి చదివినప్పుడు ఆ వాక్యం మధ్యలో ఒక షరతు కనిపించింది: నియంత్రణ అవసరాలన్నీ తీరిన సరుకుకు మాత్రమే ఆ వేగం. ఫలితం కోసం ఆగిన సరుకు అవసరాలు తీరిన సరుకు కాదు గదా! వేగం ఎవరికి అవసరమో వారికే అది అందడం లేదు. అదే ఒప్పందం అయిదో అధికరణంలో, మొదటి పరీక్షలో ప్రతికూల ఫలితం వస్తే రెండో పరీక్షకు అవకాశం ‘ఇవ్వవచ్చు’ అని ఉంది. ‘ఇవ్వాలి’ అని లేదు. ఈ రెండు క్రియాపదాల మధ్య ఉన్న ఖాళీలో ఎన్ని కంటైనర్లు కుళ్లిపోయాయో లెక్కవేసినవారున్నారా అన్నది నా అనుమానం.

కొత్త పరిమితులకు ఇచ్చే వ్యవధి సంగతికి వస్తాను. కొత్త నియమాన్ని ప్రకటించిన తరువాత అమలుకు ముందు సాధారణంగా 6 నెలలకు తగ్గకుండా వ్యవధి ఉండాలని 2001లో దోహా మంత్రుల సమావేశం నిర్ణయించింది. ముసాయిదాపై వ్యాఖ్యలకు 60 రోజులు ఇవ్వడం మీ కమిటీ సిఫారసు. కాగితం తిప్పడానికి 6 నెలలు ఎక్కువే గాని చెట్టుకు అది ఒక పూతకాలం కూడా కాదు. యాపిల్స్ విషయంలో జరిగింది చూడండి. నిలవలో తొక్క నల్లబారకుండా కొన్ని రకాల యాపిల్స్‌ను డైఫినైలమైన్ అనే పదార్థంతో తడుపుతారు. దానికి కోడెక్స్ పరిమితి కిలోకు 10 మిల్లీగ్రాములు, అమెరికాలోనూ అంతే. యూరోపియన్ యూనియన్‌లో 5 మిల్లీగ్రాములుగా ఉన్న పరిమితిని 2014లో 0.1కు దించారు. నిలవలో ఆ పదార్థం ఏయే కొత్త పదార్థాలుగా మారుతుందో చూపే సమాచారం చాలినంత లేదన్నది వారి కారణం. అది సబబైన ప్రశ్నే. కాని ఆక్సిజన్ తగ్గించిన గదుల్లో యాపిల్స్ దాదాపు ఏడాది వరకు నిలవ ఉంటాయి. పాత నియమం కింద కోసి, పాత నియమం ప్రకారమే తడిపి గదిలో పెట్టిన పండు, గది తలుపు తెరిచేసరికి కొత్త నియమం కింద దోషి అవుతుంది. అది చాలదన్నట్టు ఆ పదార్థం గది గోడలనూ చెక్కపెట్టెలనూ పట్టుకుని ఉండి, అసలు ఎన్నడూ మందు తగలని పండ్లలోకి కూడా చేరుతుంది. పెట్టెలను మార్చాలి, గదులను కడగాలి, కొన్నిచోట్ల గదులనే వేరుచేయాలి. ఇదంతా చేయవచ్చు, చేశారు కూడా. దానికి కావలసిన వ్యవధిని లెక్కించాల్సింది కోతల్లో, నిలవకాలాల్లో. నెలల్లో లెక్కిస్తే లెక్క కుదరదు.

పరిమితి తగ్గించడానికి కారణం ఎప్పుడూ తినేవారి ఆరోగ్యమే కాదన్నది ఇటీవలి పరిణామం. క్లోథియానిడిన్, థయామెథాక్సామ్ అనే రెండు మందుల పరిమితులను యూరోపియన్ యూనియన్ 2023లో చేసిన నియమావళి ద్వారా కొలవగలిగిన కనిష్ఠానికి దించింది. అది దిగుమతులకు 2026 మార్చి 7 నుంచి వర్తిస్తుంది. ఇందుకు చెప్పిన కారణం ప్రపంచమంతటా తేనెటీగలూ, పరాగసంపర్కం చేసే ఇతర కీటకాలూ తగ్గిపోవడం. తేనెటీగ లేకపోతే మా తోటల్లో చాలావాటికి కాపే లేదు కనుక ఆ ఆందోళన మాకు పరాయిది కాదు. నా అభ్యంతరం వేరే చోట. తేనెటీగ కోసం పెట్టిన పరిమితిని పండు దాటినప్పుడు అది ఆహార భద్రత ఉల్లంఘనగానే నమోదవుతుంది, ఆ పేరుతోనే హెచ్చరిక వెలువడుతుంది, వార్త చదివిన తల్లి ఆ దేశపు పండు విషపూరితమనుకుంటుంది. ఏ నియమం తినేవారి కోసమో, ఏది పొలంలోని ప్రాణుల కోసమో ఆ నమోదులోనే రాయడం కష్టమైన పని కాదు. మీ కమిటీకి వచ్చే ప్రకటన పత్రంలో ఉద్దేశం రాసే గడి ఎప్పటినుంచో ఉంది. సరిహద్దు దగ్గర నింపే కాగితంలో అది లేదు.

ఇంతకంటే బరువైన విషయం, ఒక తోట తప్పుకు ఒక దేశం మొత్తాన్ని ఆపడం. 1996లో అమెరికా, కెనడాల్లో 1,465 మందికి సైక్లోస్పోరా అనే పరాన్నజీవి వల్ల విరేచనాలు పట్టుకున్నాయి. అధికారులు మొదట కాలిఫోర్నియా స్ట్రాబెర్రీలను అనుమానించారు. అక్కడి రైతులు గిరాకీ పోగొట్టుకున్నాక గాని దోషం వాటిది కాదని తేలలేదు. అసలు దారి గ్వాటెమాలా రాస్ప్‌బెర్రీలకు వెళ్లింది. మరుసటి ఏడు మళ్లీ అదే జరిగింది. 1998 వసంతంలో అమెరికా ఆ పండును రానివ్వలేదు, కెనడా రానిచ్చింది, ఆ ఏడు జబ్బు కెనడాలో కనిపించింది. కాబట్టి అమెరికా చేసిన నిర్ణయం తప్పని నేను అనలేను. నిషేధం కొందరిని జబ్బు నుంచి కాపాడింది. ఆ తరువాత గ్వాటెమాలా రైతులూ ప్రభుత్వమూ కలిసి నీరు, కూలీల పారిశుద్ధ్యం, ప్రతి బుట్టా ఏ పొలానిదో గుర్తించే పద్ధతి వంటివాటితో ఒక కట్టుదిట్టమైన ప్రణాళిక తయారుచేసుకున్నారు. 1999లో ఆ ప్రణాళికలో చేరిన పొలాలకు తలుపులు తెరుచుకున్నాయి కూడా. అయితే 1996లో 85 మందిగా ఉన్న రాస్ప్‌బెర్రీ రైతులు 2001 నాటికి ముగ్గురే మిగిలారు. పండు శుభ్రమైంది గాని పండించేవారు పోయారు. నీళ్లు మొదటినుంచీ శుభ్రంగా ఉన్న పొలాలు ఆ 85లో ఎన్ని ఉండేవో ఇప్పుడు అడిగి లాభం లేదు. నిషేధం అన్నిటికీ ఒక్కటే అయింది.

మెక్సికో ఖర్బూజాల కథ ఇంకో దారిలో నడిచింది. 2000 నుంచి వరసగా మూడు వసంతాల్లో సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా బయటపడిన తరువాత 2002 అక్టోబరులో అమెరికా ఆ దేశపు ఖర్బూజాలన్నిటినీ సరిహద్దులోనే ఆపింది. తరువాత తమ పొలంలో, షెడ్డులో పద్ధతులు సరిగా ఉన్నాయని చూపిన పెంపకందారులను ఒక్కొక్కరినీ ఆ నిలుపుదల నుంచి మినహాయిస్తూ వచ్చింది. పొలంవారీగా చూడడం సాధ్యమేనని దీనివల్ల తెలుస్తోంది. మొదటి రోజునే అలా చేయలేరా అన్నదే నా ప్రశ్న. చీడలు లేని ప్రాంతాలను, అవి తక్కువగా ఉన్న ప్రాంతాలను గుర్తించి నియమాలను తగ్గట్టు మలచుకోవాలని మీ ఒప్పందం ఆరో అధికరణం చెబుతోంది. పండుఈగ విషయంలో ఒక జిల్లాను మరో జిల్లా నుంచి విడదీసి చూసే దేశాలే, సూక్ష్మజీవి విషయానికి వచ్చేసరికి ఒక షెడ్డును పక్క షెడ్డు నుంచి విడదీయలేకపోతున్నాయి. 2018లో ఆస్ట్రేలియాలో ఒకే పొలం ఖర్బూజాల ద్వారా లిస్టీరియా సోకి ఏడుగురు చనిపోయినప్పుడు కూడా, విదేశాల్లో దెబ్బతిన్నది ఆ దేశపు ఖర్బూజా పేరే.

అనుమానం ఎంత చిన్నదైనా సరిపోతుందనడానికి 1989 మార్చి సాక్ష్యం. ఫిలడెల్ఫియా రేవులో చిలీ నుంచి వచ్చిన రెండు ద్రాక్షపళ్లలో సయనైడ్ జాడ కనబడిందని అమెరికా ఆ దేశపు పండ్లన్నిటినీ నిలిపివేసింది. బెదిరింపు ఫోను వచ్చాక జరిగిన వెతుకులాట అది, కనుక అధికారుల కంగారును అర్థం చేసుకోగలను. నిషేధాన్ని కొద్దిరోజుల్లోనే ఎత్తివేశారు. కోత ముమ్మరంగా సాగుతున్న వారాలు కావడంతో ఆ కొద్దిరోజులే కోట్ల డాలర్ల నష్టానికి సరిపోయాయి.

దుకాణాల గొలుసులు సొంతంగా పెట్టుకునే షరతుల గురించి ఎక్కువ రాయను. చట్టం చెప్పిన పరిమితిలో మూడోవంతుకు మించకూడదని ఒకరు, ఎంత తక్కువ మోతాదులోనైనా ఇన్ని రకాల మందులకు మించి కనిపించకూడదని మరొకరు అడుగుతారు. 1997లో మొదలై ఇప్పుడు గ్లోబల్‌గ్యాప్ పేరుతో నడుస్తున్న మంచి సాగు పద్ధతుల ధ్రువీకరణ మీద, అరటి రైతుల తరఫున కరీబియన్ ద్వీపదేశం సెయింట్ విన్సెంట్ అండ్ గ్రెనడీన్స్ 2005లోనే మీ కమిటీలో ఫిర్యాదు చేసింది. ఆ చర్చ ఇంకా తెమలలేదని మీకు నేను చెప్పనక్కరలేదు. ఒకటి మాత్రం నిజం: చేతి కడుగుడు తొట్లు, మందుల నిలవగది, నీటి పరీక్షలు మా కూలీలకు కూడా మేలు చేశాయి. కాని వాటి ఖర్చు ఎకరం తోటకూ నూరెకరాల తోటకూ దాదాపు ఒకటే కావడంతో, ఎకరం తోటవారు మా రిజిస్టరులోంచి ఒక్కొక్కరే తప్పుకుంటున్నారు. అభివృద్ధి చెందుతున్న దేశాలకు అదనపు గడువు గురించి మాట్లాడే మీ ఒప్పందం పదో అధికరణంలోని క్రియాపదం కూడా ‘ఇవ్వడం మంచిది’ అన్న స్థాయి దాటలేదు.

నేను కోరేవి మీ అధికారానికి మించినవి కావని అనుకుంటున్నాను. తాజా పండ్ల నమూనా ఫలితానికి గంటల్లో గడువు పెట్టుకోవాలని, ఆ గడువు దాటితే సరుకును దిగుమతిదారు పూచీ మీద అతని చల్లగదికి తరలించనివ్వాలని, ఫలితం వచ్చేవరకు అమ్మకూడదన్న షరతు పెట్టాలని మీ కమిటీ మార్గదర్శకం ఇవ్వవచ్చు. పరిమితి తగ్గించినప్పుడు, వెంటనే ఎదురయ్యే ప్రమాదం లేదని నియంత్రకులే తేల్చిన మందుల విషయంలో, ప్రకటన తరువాత వచ్చే కోతకే దాన్ని వర్తింపజేయాలని చెప్పవచ్చు. ఒక దేశపు పండును ఆపే ఉత్తర్వులోనే, ఏ పొలం ఏం చూపితే ఆ ఉత్తర్వు నుంచి బయటపడుతుందో అదే రోజున రాయాలని అడగవచ్చు. రెండో పరీక్షను మాత్రం అవకాశంగా వదలకుండా హక్కుగా మార్చండి. అది జరగకపోతే మిగతావాటికి విలువ తక్కువ.

ఆ రెండో పరీక్షకు కావలసింది మా వైపు సిద్ధంగానే ఉంది. ప్రతి లాట్ నుంచి ఒక కిలో పండ్లను ముద్దచేసి, సీలు వేసి, తేదీ రాసి, మా గడ్డకట్టే అరలో పెడతాం. నేను మొదట చెప్పిన ద్రాక్ష కంటైనర్ తాలూకు కిలో కూడా రెండో వరసలో, ఎడమవైపు ఉంది. దాన్ని ఇంతవరకు ఎవరూ అడగలేదు.

ఇట్లు,
ఒక ప్యాక్‌హౌస్‌లో అవశేషాల రికార్డులు చూసే ఉద్యోగి